ఫోనుకు ఏ పని అప్పగించాలి, ఏ యాప్‌లో వినాలి, పుస్తకం ఎక్కడ వెతకాలి

గుంటూరు నుంచి విజయవాడకు రైలుదారి సుమారు 32 కిలోమీటర్లు. బండి సమయానికి నడిస్తే గంట పడుతుంది, విజయవాడ అవుటర్‌లో ఆపేస్తే ఎంతసేపైనా పట్టవచ్చు. ఇల్లు బ్రాడీపేటలో, ఉద్యోగం గవర్నర్‌పేటలో ఉన్న నాకు రోజు మొత్తంలో ఏదైనా వినడానికి మిగిలేది ఆ ప్రయాణ సమయమే. అందులోనూ ఒకప్పుడు పావు వంతు ఫోనుతోనే పోయేది. బ్లూటూత్ వేయడం, యాప్ తెరవడం, నిన్న ఆపిన చోటు వెతకడం, శబ్దం సరిచేయడం, వాట్సాప్ మోతలు ఆపడం, చివరికి ఎపిసోడ్ డౌన్‌లోడ్ కాలేదని తెలుసుకోవడం పూర్తయ్యే సరికి నంబూరు దాటిపోయేది.

ఈ ఇబ్బందిలో రెండు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయని నాకు ఆలస్యంగా అర్థమైంది. మొదటిది తెచ్చిపెట్టే పని, అంటే ఎంచుకున్నదాన్ని సమయానికి డౌన్‌లోడ్ చేసి, చెవిలో మోగేలా చేయడం. రెండవది ఎంచుకునే పని, అంటే ఏది వినదగినదో, ఏది చదవదగినదో తేల్చుకోవడం. మొదటిదాన్ని ఫోనుకు పూర్తిగా అప్పగించవచ్చు. రెండవదాన్ని అప్పగించినవారికి దొరికేది నిన్న విన్నదాని వంటిదే మరొకటి. ఏ యాప్ ఎవరికి సరిపోతుందో ఈ తేడాను దృష్టిలో పెట్టుకొని పోల్చి చెబుతాను.

యాప్ వేసుకునే ముందు

ఆటోమేషన్ యాప్ (ఒకసారి చెప్పిపెట్టిన పనులను ఫోను తానే చేసేలా చూసే యాప్) వేసుకునే ముందు ఒక వారం పాటు చిన్న కాగితం జేబులో పెట్టుకొని, ఫోనులో ఒకే విధంగా, ఒకే సందర్భంలో, వారానికి మూడు నాలుగు సార్లు చేసే పనులను రాసుకోమని సలహా ఇస్తాను. నా కాగితం మీద చివరికి తేలినవి నాలుగే: రైలెక్కగానే వినడం మొదలుపెట్టడం, ఆఫీసులో మోతలు ఆపడం, రాత్రి ఇంటి వైఫైలో ఎపిసోడ్లు దించుకోవడం, ఎవరైనా మంచి పుస్తకం పేరు చెబితే రాసుకోవడం. నాలుగు పనుల కోసం నలభై పనులు చేసే యాప్ కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఫోనులో ఉన్నదా, బయటి యాపా?

ఇటువంటి పనులకు శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో సెట్టింగ్స్‌లోనే ‘మోడ్స్ అండ్ రొటీన్స్’ ఉంటుంది. 2019లో బిక్స్‌బీ రొటీన్స్ అన్న పేరుతో వచ్చిన సదుపాయమే 2022లో ఈ పేరుకు మారింది. చవక మోడళ్లలో కొన్నింటికి ఇది ఉండదు కనుక ముందు సెట్టింగ్స్‌లో వెతికి చూసుకోవాలి. ఐఫోన్‌లో ‘షార్ట్‌కట్స్’ ఉంది. యాపిల్ 2017లో వర్క్‌ఫ్లో అనే యాప్‌ను కొని, 2018లో దాన్ని షార్ట్‌కట్స్‌గా విడుదల చేసింది. ఫలానా సమయానికి, ఫలానా చోటుకు చేరగానే, ఛార్జర్ పెట్టగానే పని జరిగేలా చేసే ఆటోమేషన్ 2019లో తోడైంది.

ఫోనులోనే ఉన్నదానికి ఉండే పెద్ద బలం చాలామంది గమనించనిది. ఆండ్రాయిడ్ 10 నుంచి బయటి యాప్‌లు తమంతట తాము వైఫైని వేయడం, ఆపడం కుదరకుండా గూగుల్ కట్టడి చేసింది. మొబైల్ డేటా మీద అటువంటి కట్టడి అంతకు ముందే ఉంది. కాబట్టి ఎంత పేరున్న యాప్ అయినా ఈ పనికి కంప్యూటరుకు కేబుల్‌తో కలిపి ప్రత్యేక అనుమతి ఇవ్వడమో, సహాయక యాప్ వేసుకోవడమో అడుగుతుంది. ఫోను కంపెనీ తానే ఇచ్చిన రొటీన్స్‌కు ఈ అడ్డంకి లేదు. ఇంటి నుంచి బయలుదేరగానే వైఫై ఆగిపోవడం వంటి పనులే మీకు ముఖ్యమైతే, శాంసంగ్ ఉన్నవారు బయటి యాప్‌ల వైపు చూడనక్కరలేదు.

శాంసంగ్ కాని ఆండ్రాయిడ్ ఉన్నవారికి, రొటీన్స్ ఉన్నా అవి సరిపోనివారికి మిగిలేవి ముఖ్యంగా మూడు. మాక్రోడ్రాయిడ్‌లో ఒక్కో పనిని మూడు ముక్కలుగా చెప్పాలి: ఏది జరిగినప్పుడు, ఏం చేయాలి, ఏ షరతు మీద. వాడుక భాషలో మనం పనివాడికి పని చెప్పే పద్ధతి కూడా ఇదే కనుక అర్థం కావడానికి అరగంట చాలు. ఇలా చెప్పిపెట్టిన ఒక్కో పనినే మాక్రో అంటారు. ఉచితంగా ఐదు మాక్రోలు పెట్టుకోవచ్చు, ప్రకటనలు మాత్రం కనిపిస్తాయి. నా కాగితం మీద ఉన్న నాలుగు పనులకు ఇది చాలింది. ఆటోమేట్ అనే యాప్‌లో గడులను గీతలతో కలుపుతూ బొమ్మ గీసినట్టు పని చెప్పాలి. ఉచితంగా 30 గడుల వరకు నడుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్లోచార్టులు గీసిన చేతికి ఇది ముద్దొస్తుంది, తక్కినవారికి విసుగు పుట్టిస్తుంది. టాస్కర్ మూడింటిలోకీ శక్తిమంతమైనది. ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి, వేరియబుల్స్, ప్లగిన్లు, చిన్నపాటి ప్రోగ్రామింగ్ అన్నీ ఉంటాయి. కానీ అది చేసే పని కన్నా దాన్ని మరమ్మతు చేయడంలో ఆనందం పొందేవారికే దాన్ని సిఫారసు చేస్తాను. నేను మూడు ఆదివారాలు దాని ముందు కూర్చొని, చివరికి మాక్రోడ్రాయిడ్‌లో పది నిమిషాల్లో అయ్యే పనినే చేయగలిగాను.

ఐఫోన్ వాడేవారికి ఈ తర్జనభర్జన లేదు, షార్ట్‌కట్స్ ఒక్కటే దారి. మొదట్లో ప్రతి ఆటోమేషన్‌కూ ‘నడపమంటారా’ అని ఫోను అడుగుతూ విసిగించేది. ఇప్పుడు చాలావాటికి ‘వెంటనే నడపండి’ అన్న ఎంపిక ఉంది. కొత్తగా పెట్టుకునేటప్పుడు ఆ ఒక్క గడిని చూసుకోవడం మరచిపోకూడదు.

రైలు మాక్రో, దాని వల్ల పడిన తిప్పలు

నా మొదటి మాక్రో ఇది. ఇయర్‌ఫోన్లు బ్లూటూత్‌కు కలవగానే మొదలవ్వాలి. షరతు: సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం ఏడుంపావుకూ తొమ్మిదిన్నరకూ మధ్య మాత్రమే. చేయవలసినవి: డూ నాట్ డిస్టర్బ్ (కాల్స్, మోతలు వినిపించకుండా ఆపే మీట) వేయడం, శబ్దాన్ని నలభై శాతానికి తేవడం, పాడ్‌కాస్ట్ యాప్ తెరవడం, ప్లే నొక్కడం. ఇయర్‌ఫోన్లు విడిపోగానే డూ నాట్ డిస్టర్బ్ తీసేయడానికి రెండవ మాక్రో. రెండు వారాలు గడియారంలా నడిచింది.

ఒకరోజు కృష్ణ వంతెన మీద ఉండగానే బ్యాటరీ అయిపోయి ఫోను ఆగిపోయింది. ఆఫీసుకు వెళ్లి ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. ఫోనే ఆగిపోయినందున ఇయర్‌ఫోన్లు ‘విడిపోయిన’ సంగతి మాక్రోకు ఎప్పటికీ తెలియలేదు, డూ నాట్ డిస్టర్బ్ అలాగే ఉండిపోయింది. తెనాలిలో అమ్మ ఇంటికి గ్యాస్ బండ వచ్చింది. కనెక్షన్ నా నంబరు మీద ఉన్నందున డెలివరీ కోడ్ నాకే వచ్చింది. అమ్మ నాలుగు సార్లు ఫోను చేసింది, ఒక్కటీ మోగలేదు. బండ వెనక్కి వెళ్లిపోయింది. సాయంత్రం నేను విన్నది పాడ్‌కాస్ట్ కాదు.

ఆ తరువాత రెండు నియమాలు పెట్టుకున్నాను. ఏదైనా వేసే మాక్రోకు తీసేసే దారులు రెండు ఉండాలి: ఒకటి సంఘటన మీద, మరొకటి గడియారం మీద. ఇప్పుడు ఏం జరిగినా పదింటికి డూ నాట్ డిస్టర్బ్ తొలగిపోతుంది. రెండవది, ఆండ్రాయిడ్‌లోని డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో ‘మళ్లీ మళ్లీ చేసేవారు’ అనే మీట ఉంటుంది. దాన్ని వేస్తే ఒకే వ్యక్తి పదిహేను నిమిషాల లోపు రెండవసారి చేసినప్పుడు ఫోను మోగుతుంది. ఇంట్లోవారి పేర్లకు నక్షత్రం గుర్తు పెట్టి, వారికి మినహాయింపు కూడా ఇవ్వవచ్చు. ఏ యాప్ ఎంచుకున్నా ఈ రెండూ ముందు చేయవలసిన పనులు.

ఏ సంఘటన మీద ఆధారపడాలన్నది యాప్ ఎంపిక కన్నా ముఖ్యమైన విషయం. విజయవాడ స్టేషను చేరగానే వినడం ఆగేలా మొదట లొకేషన్ మీద పెట్టాను. బండి అవుటర్‌లో నిలబడి ఉండగానే ఫోను ‘చేరిపోయాం’ అనుకొని ఎపిసోడ్ ఆపేసేది.  లొకేషన్ బ్యాటరీని కూడా ఎక్కువ తింటుంది. ఇంటి వైఫైకి కలవడం, బ్లూటూత్ కలవడం, ఛార్జర్ పెట్టడం అన్నవి కచ్చితమైన గుర్తులు. వాటితో పని జరిగేటప్పుడు లొకేషన్ జోలికి పోవద్దు. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరగా తాకించినప్పుడు గుర్తుపట్టే సదుపాయం) ఉన్న ఫోనైతే, పది ఇరవై రూపాయల స్టిక్కరు ఒకటి బల్లకు అంటించి దానికి ఫోను తాకిస్తే ఆఫీసు మోడ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. ఇంతకన్నా నమ్మకమైన గుర్తు నేను చూడలేదు.

మాక్రో రెండు రోజులు నడిచి మూడవ రోజు చచ్చిపోతే, తప్పు సాధారణంగా మాక్రోది కాదు. బ్యాటరీ పొదుపు పేరుతో వెనుక నడిచే యాప్‌లను కొన్ని ఫోన్లు ఆపేస్తాయి. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేసి, ఆటోస్టార్ట్ అన్న మీట ఉంటే దాన్ని కూడా వేయాలి.

అనుమతుల విషయంలో మాత్రం పిసినారిగా ఉండాలి. యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్ తెర మీద ఉన్నదంతా చూడగలదు, మీ తరఫున నొక్కగలదు. ఎస్‌ఎంఎస్ అనుమతి ఉన్నది ఓటీపీలు చదవగలదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలుగా, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే ఫైలుగా వచ్చే ఆటోమేషన్ యాప్‌కు ఈ రెండూ ఇవ్వడమంటే ఇంటి తాళంచెవి బస్టాండులో అప్పగించడమే. ప్లే స్టోర్ నుంచి తెచ్చుకున్నదానికి కూడా నా నాలుగు పనుల్లో దేనికీ ఎస్‌ఎంఎస్ అనుమతి అవసరం పడలేదు.

ఏ యాప్‌లో వినాలి?

పాడ్‌కాస్ట్ అంటే ఒక యాప్‌కు చెందిన సరుకు కాదు. తయారుచేసేవారు ఒక ఫీడ్, అంటే ఎపిసోడ్ల జాబితా, ఇంటర్నెట్‌లో పెడతారు, ఏ యాప్ అయినా దాన్ని చదివి ఎపిసోడ్లు తెచ్చుకోగలదు. ఈ స్వేచ్ఛ విలువ 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు చాలామందికి తెలిసింది. చందాల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించుకున్నవారు పది నిమిషాల్లో మరో యాప్‌కు మారారు, దించుకోనివారు ఒక్కొక్క పేరూ గుర్తుచేసుకుంటూ కూర్చున్నారు. కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఆ జాబితాను బయటికి ఇస్తుందా లేదా అన్నదే.

ఆండ్రాయిడ్‌లో నా ఎంపిక యాంటెన్నాపాడ్. ఉచితం, ప్రకటనలు లేవు, ఖాతా తెరవనక్కరలేదు, సోర్సు కోడ్ బహిరంగం. రాత్రి వైఫైలో కొత్త ఎపిసోడ్లు తానే దించుకుంటుంది, విన్నవాటిని తానే తొలగిస్తుంది, ఎన్ని ఉంచాలో పరిమితి పెట్టవచ్చు. అంటే నా కాగితం మీది మూడవ పనికి ఆటోమేషన్ యాప్ అవసరమే లేకుండా పోయింది. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఒకే జాబితా కావాలనుకునేవారికి పాకెట్ కాస్ట్స్ మెరుగు. ఖాతా తెరిస్తే ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మరో ఫోనులో వినవచ్చు, మాటల మధ్య మౌనాన్ని కత్తిరించే సదుపాయం కూడా ఉంది.

స్పాటిఫైలో పాటలు, పాడ్‌కాస్ట్‌లు ఒకే చోట ఉండడం సౌకర్యమే. కానీ అక్కడ మాత్రమే దొరికేవాటికి అలవాటు పడితే బయటికి రావడం కష్టం. యూట్యూబ్‌లో తెలుగు ముఖాముఖీలు మరెక్కడా లేనన్ని ఉన్నాయి, కానీ తెర ఆపగానే మాట ఆగకుండా ఉండాలంటే ప్రీమియం చందా కట్టాలి. డబ్బు కట్టకుండా రైలంతా తెర వెలిగించి ఉంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, అలా అయిపోతే ఏమవుతుందో పైన గ్యాస్ బండ కథలో చెప్పాను.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. శబ్దం నాణ్యతను కేబీపీఎస్‌లలో కొలుస్తారు. 128 కేబీపీఎస్‌లో గంట ఎపిసోడ్ దాదాపు 58 ఎంబీ, 64 కేబీపీఎస్‌లో అందులో సగం. వీడియోతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు, దించుకొని వింటే దారిలో సిగ్నల్ గొడవ ఉండదు. వేగం 1.25కు పెడితే యాభై నిమిషాల ప్రయాణంలో అరవై రెండు నిమిషాల మాట వినవచ్చు. తెలుగు కథలకు మాత్రం అది పనికిరాదు. చదివేవారి విరామాలు కథలో భాగం, వాటిని తొక్కేస్తే మిగిలేది సారాంశమే.

తెలుగులో వినదగినవి వెతకడం

యాప్‌లలోని ‘టాప్’ జాబితాలు తెలుగు వరకు నాకు ఎన్నడూ ఉపయోగపడలేదు. పాకెట్ ఎఫ్‌ఎం, కుకు ఎఫ్‌ఎం వంటి వాటిలో తెలుగు సరుకు విస్తారంగా ఉంది. కాలక్షేపానికి సీరియల్ కావాలనుకుంటే అవి ఆ పని చేస్తాయి, ఎపిసోడు చివర ఊరించడం ఆ పద్ధతిలోనే ఉంది. సాహిత్యం కావాలనుకునేవారికి రెండు పేర్లు చెబుతాను. దాసుభాషితం తెలుగు పుస్తకాలను శ్రవణ పుస్తకాలుగా అందించే యాప్. హర్షణీయం కథలు చదివి వినిపించే పాడ్‌కాస్ట్, రచయితలతోనూ అనువాదకులతోనూ ముఖాముఖీలు కూడా చేస్తుంది. మొదటిది పుస్తకం మొత్తం వినాలనుకునేవారికి, రెండవది ఒక ప్రయాణంలో ఒక కథ ముగించాలనుకునేవారికి సరిపోతాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ప్రసారాలు ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. ప్రత్యక్ష ప్రసారం దించుకునేది కాదు కనుక, కార్యక్రమం వేళకు ఆ యాప్ తెరుచుకునేలా రొటీన్ పెట్టుకోవడం ఒక్కటే మనం చేయగలిగింది.

కొత్త పాడ్‌కాస్ట్‌ను తూచడానికి నా పద్ధతి ఇది. తాజా ఎపిసోడ్ కాకుండా మధ్యలో ఒకటి, మొట్టమొదటిది ఒకటి తీసుకొని పది నిమిషాల చొప్పున వింటాను. ఆ పది నిమిషాల్లో సగం ‘లైక్ చేయండి, షేర్ చేయండి’కే పోతే అక్కడితో సరి. అతిథి మాట్లాడేటప్పుడు అడిగేవారు పుస్తకం చదివి వచ్చారో, వెనుక అట్ట చదివి వచ్చారో మూడవ ప్రశ్నకే తెలిసిపోతుంది. నచ్చినది దొరికితే ఆ పాడ్‌కాస్ట్‌ను కాక, అందులో నచ్చిన అతిథి పేరును వెతుకుతాను. ఆ వ్యక్తి మరెక్కడ మాట్లాడినా యాప్ చూపిస్తుంది. ఒక అనువాదకురాలి పేరు పట్టుకొని వెళ్లి, నాకు తెలియని మూడు మంచి పాడ్‌కాస్ట్‌లు సంపాదించాను. ఏ యాప్ కూడా వాటిని నాకు సిఫారసు చేయలేదు.

పుస్తకం దగ్గరికి వస్తే

ఈ-పుస్తకాలు, అచ్చు పుస్తకాలు, గ్రంథాలయం అన్న మూడింటిలో ఏదన్నది పుస్తకాన్ని బట్టి ఉంటుంది. కొత్త తెలుగు పుస్తకాల ఈ-ప్రతులు కినిగె, గూగుల్ ప్లే బుక్స్ వంటి చోట్ల దొరుకుతాయి. అచ్చులో లేని పాతవాటి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. రీడ్‌ఎరా వంటి యాప్‌లో ఈపబ్ (అక్షరాలుగానే ఉండే ఈ-పుస్తకం ఫైలు) పుస్తకాన్ని తెలుగు గొంతుతో చదివించుకోవచ్చు కానీ, ఆర్కైవ్‌లోని స్కాన్ పీడీఎఫ్‌లో ఉన్నవి పేజీల ఫొటోలు. వాటిని బొమ్మ నుంచి అక్షరంగా మార్చితే తప్ప యాప్ చదవలేదు, పాత అచ్చు అక్షరాల మీద ఆ మార్పిడి తప్పులతడకగా వస్తుంది. అటువంటివి కళ్లతోనే చదువుకోవాలి, అందుకు ఫోను కన్నా ట్యాబ్ నయం. కథ పేరో రచయిత పేరో సగమే గుర్తున్నప్పుడు, శ్రీకాకుళంలోని కథానిలయం వెబ్‌సైటులో ఉన్న కథల సూచిక చాలాసార్లు నన్ను ఆదుకుంది.

ఎంచుకోవడానికి మాత్రం ఊళ్లో తిరగడమే మేలని నా అభిప్రాయం. విజయవాడ గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లు వంటిది. 1911లో మొదలైన రామ్మోహన గ్రంథాలయం ఇక్కడే ఉంది, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఇక్కడే. గుంటూరు వారికి బృందావన్ గార్డెన్స్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలోని అన్నమయ్య గ్రంథాలయం ఉంది. పాత పత్రికలు, మళ్లీ అచ్చు కాని పుస్తకాలు కావాలంటే ముందు అక్కడికే వెళ్తాను. కొనాలంటే ఏలూరు రోడ్డు, అంటే కారల్ మార్క్స్ రోడ్డు మీది పుస్తకాల షాపులు, పాతవాటికి లెనిన్ సెంటర్. షాపులో అట్ట, ముందుమాట చదివి మోసపోకుండా నలభయ్యో పేజీ తెరిచి రెండు పేరాలు చదవాలి. ముందుమాట ఎవరైనా బాగా రాస్తారు, నలభయ్యో పేజీ రచయిత ఒంటరిగా రాసుకున్నది.

ఇక నా నాలుగవ మాక్రో. హోమ్ స్క్రీన్ మీద ఒక బొత్తాం. నొక్కితే రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఏ పుస్తకం, ఎవరు చెప్పారు. సమాధానాలను తేదీతో కలిపి ఒక ఫైలు చివర చేరుస్తుంది. మాక్రోడ్రాయిడ్‌లో ఇది పావుగంట పని. ఐఫోన్‌లో ‘ఆస్క్ ఫర్ ఇన్‌పుట్’, ‘అపెండ్ టు నోట్’ అన్న రెండు మెట్లతో అయిపోతుంది. మొదట ఒకే ప్రశ్న పెట్టాను, మూడు నెలల తరువాత ఆ పేర్లలో సగం ఎందుకు రాసుకున్నానో నాకే తెలియలేదు. రెండవ ప్రశ్న చేర్చాక ఆ ఫైలు పనికొచ్చింది.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేటప్పుడు దాన్ని తెరిచి చూసుకుంటాను. ఈసారి చూస్తే, నేను కొని చివరిదాకా చదివినవాటిలో ఐదింటి ఎదురుగా ‘లెనిన్ సెంటర్, నీలం పరదా కొట్టు తాత’ అని ఉంది. యాప్ సిఫారసు అని రాసుకున్నవి పదకొండు, వాటిలో పూర్తిచేసినది ఒకటి. ఇప్పుడు రైలు దిగిన శనివారాలు ముందు ఆ కొట్టుకే వెళ్తున్నాను. తాత పుస్తకం పేరు చెబుతూ ఉండగా ఫోను తీసి బొత్తాం నొక్కితే, ‘నేను చెప్పేది విను బాబూ, తరువాత నొక్కుకో’ అంటాడు.